ముందా, వెనకా

నా కళ్ళు రెండూ మంచివే, విడివిడిగా. ఏ ఒక్కదాన్ని మూసుకున్నా రెండోదానితో తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆగిన బస్సు నంబరు అవతలి రోడ్డు నుంచి చదివేస్తాను. చిక్కల్లా అవి రెండూ కలిసి పనిచేయకపోవడమే. ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేసిన తోటికోడళ్ళలా, ఇది చూసింది అది ఒప్పుకోదు. అందుకని ఏది ముందుందో, ఏది వెనకుందో మీకు తెలిసినంత సులువుగా నాకు తెలియదు. చిన్నప్పుడు గ్లాసులో నీళ్ళు పొయ్యమంటే గ్లాసు పక్కన పోసేవాణ్ణి. బంతి ముక్కుకు తగిలాక చేతులు పైకెత్తేవాణ్ణి. చూడ్డానికి కళ్ళు తిన్నగానే ఉండేవి కాబట్టి ఇంట్లో దానికి పరధ్యానం అని పేరు పెట్టి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను.

అలాంటి మనిషి, కళ్ళజోడు అక్కర్లేకుండా లోతు చూపించే తెరలు చేసే కంపెనీలో, తెర ముందు నిలబడి లోతు కనపడుతోందో లేదో చెప్పే ఉద్యోగం రెండేళ్ళు చేశాడంటే ఎవరూ నమ్మరు. నా నోటి నుంచి వచ్చేవాటిలో నమ్మదగ్గవి తక్కువని తార్నాకలో చాలామందికి తెలుసు. ఇది మాత్రం జరిగింది. జరిగినట్టే రాస్తున్నాను.

దీనికి మొదలు ముషీరాబాద్ దగ్గర ఒక టాకీసులో ఉంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయి. అట్ట కళ్ళజోడు పెట్టుకుని చూసే సినిమా వచ్చిందని అక్క తీసుకెళ్ళింది. తెర మీద ఎవరో చెట్టెక్కి జామకాయ కోసి జనం మీదికి విసిరారు. హాలు హాలంతా కెవ్వుమని తలలు వంచింది. నేను ఒక్క క్షణం ఆగి, అందరూ వంచారు కదా అని వంచాను. నాకు కనపడింది ఒక జామకాయ పెద్దదవడం, అంతే. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. మా వరుసలో పిల్లలు గాలిలోకి చేతులు చాపి నవ్వుతున్నారు. వాళ్ళ వేళ్ళ చివర ఏదో ఉంది. నా వేళ్ళ చివర ఏమీ లేదు.

"నీ దాక వచ్చిందారా?" అని అడిగింది అక్క.

"వచ్చింది. పట్టుకున్న. కొరికిన గూడ."

"ఎట్లున్నది?"

"ఉప్పు తక్కువైంది."

అక్క ఇంటికొచ్చి ఆ మాట అందరికీ చెప్పి నవ్వించింది. నవ్వు వచ్చిందంటే ఇక నిజాన్ని ఎవరూ అడగరని నాకు ఆ రోజే తెలిసింది. తర్వాత నేనాడిన అబద్ధాలన్నీ ఆ కాయ గింజల్లోంచి మొలిచినవే.

పెద్దయ్యాక తార్నాక నుంచి యూనివర్సిటీలోకి పోయే దారిలో జిరాక్సు, బైండింగు దుకాణం పెట్టుకున్నాను. పరిశోధన చేసేవాళ్ళంతా చివరికి నా దగ్గరికే రావాలి. అట్టలు అతికేలోపు వాళ్ళు కంగారుపడకుండా కథలు చెప్పేవాణ్ణి. ఒక థీసిస్ ఎంత లావంటే, దాన్ని మోసుకురావడానికి లాలాపేట్ నుంచి ట్రాక్టరు మాట్లాడాల్సి వచ్చింది. జిగురు ఆరేసరికి వానాకాలం వెళ్ళిపోయింది, గైడు రిటైరయ్యాడు, రాసినాయన తాను ఏం రాశాడో మరిచిపోయి నన్నే అడిగాడు. ఇలాంటివి.

ఆ కథలు విని నవ్వకుండా, "ట్రాక్టరు ట్రాలీ ఎన్ని అడుగులు?" అని అడిగిన మనిషి ఒక్కరే. భౌతికశాస్త్రంలో పరిశోధన చేసిన అమ్మాయి. వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి లాలాపేట్‌లో స్థిరపడ్డ కుటుంబం, వాళ్ళమ్మ బడిలో టీచరు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైనా నేను మేడం అనేవాణ్ణి. ఆమె నన్ను బాబాయ్ గారు అనేవారు. చదువు అయ్యాక ఆమె నల్గొండ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని వ్యాపారంలో తోడు చేసుకుని, క్యాంపస్‌లో కొత్త కంపెనీలకు ఇచ్చే గదుల్లో ఒకటి తీసుకున్నారు. కంపెనీ అంటే అంతే, ఇద్దరు మనుషులు, ఒక గది. అతన్ని నేను మొదటి రోజే తమ్ముడూ అన్నాను, అతను వెంటనే అన్నా అన్నాడు.

ఒక రోజు మేడం దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డారు. నల్లకుంటలో ఒక నగల షాపులో తెర చూపించడానికి వెళ్తే, కాంతి ఎలా వంగుతుందో ఆమె వివరిస్తుండగా యజమాని కునుకు తీశాడట.

"మీరు అబద్ధం చెప్పినా జనం నిలబడి వింటారు బాబాయ్ గారు. నేను నిజం చెప్తుంటే కూర్చున్నవాళ్ళు నిద్రపోతున్నారు. మా దగ్గరికి వచ్చేయండి," అన్నారు.

థీసిస్‌లు కంప్యూటర్లోనే ఇచ్చేసే కాలం వచ్చి నా జిగురు డబ్బాలు ఎండిపోతున్నాయని, అందుకే ఒప్పుకున్నానని అందరికీ చెప్పాను. అసలు కారణం వేరు. కళ్ళజోడు లేకుండా అన్నారు కదా. నలభై ఏళ్ళుగా నేను తప్పు ఆ అట్ట కళ్ళజోడుదేమో అనుకుంటూ వచ్చాను. అది అక్కర్లేని తెర అయితే నాకూ వస్తుందేమో. యాభై దగ్గరపడ్డ మనిషి దుకాణానికి తాళం వేసింది అందుకోసం.

గదిలో నేల మీద పసుపు టేపుతో రెండు పాదాల గుర్తులు అతికించి ఉన్నాయి. వాటి మీద నిలబడమన్నారు. ఎదురుగా టేబులు మీద తెర, తెరలో ఒక గోడ, గోడకు ముందు ఎర్ర బంతి. తెర పైన సన్నని గీతల ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుందని, ఒక్కో గీతా ఒక బుల్లి భూతద్దమని, అది ఎడమ కంటికి ఒక బొమ్మని, కుడి కంటికి ఇంకో బొమ్మని పంపుతుందని, ఆ రెండిటినీ కలిపే పని మన తల చూసుకుంటుందని మేడం చెప్పారు. నా తలలో ఆ పని చేయాల్సినవాడు పుట్టినప్పటి నుంచీ సెలవులో ఉన్నాడన్నమాట. అది నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసింది, బంతి గోడకు అంటుకునే ఉందని. సున్నం మీద కుంకుమ బొట్టులా.

వాళ్ళిద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. ఎనిమిది నెలలుగా తమ కళ్ళతో తామే చూసుకుని అలిసిపోయి, కొత్త కన్ను కోసం ఎదురుచూస్తున్న మొహాలు.

"వచ్చిందా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"వచ్చింది."

"ఎంత వచ్చింది?"

"జానెడు."

మేడం నోటుబుక్కు తీసి తేదీ వేసి రాసుకున్నారు. అదిగో, అక్కడ పడ్డది తప్పు. ఆ తర్వాత ప్రతి మార్పుకీ నన్ను గుర్తుల మీద నిలబెట్టడం, నేను బెత్తెడనో, మూరెడనో, గోరంతనో చెప్పడం, ఆమె రాసుకోవడం మా గదిలో పద్ధతైపోయింది. తల అటూ ఇటూ ఊపితే బొమ్మ కొంచెం కదిలేది, దాన్నిబట్టి ఊహించేవాణ్ణి. నేను తల ఊపడం చూసి ఆమె, చూడ్డం అంటే అలా శ్రద్ధగా చూడాలని తమ్ముడికి చెప్పేవారు. నా మాట ఇంకొకరి మాటతో కలవకపోతే నాదే నమ్మేవారు. మిగతావాళ్ళు "ఏమో, వచ్చినట్టే ఉంది" అనేవారు, నేను ఎప్పుడూ ఏమో అనేవాణ్ణి కాదు.

మా క్యాంపస్‌లో పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్ళు తిరునాళ్ళంత మంది. వాళ్ళని గదిలోకి లాక్కొచ్చే పని నాది. మా తెరలో నెమలిని చూసి క్యాంపస్ నెమలి ఒకటి కిటికీ దగ్గరికి వచ్చి పోట్లాటకు దిగిందని, ఓడిపోయి మూడు రోజులు పురి విప్పలేదని చెప్పేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఆ నెమలిని చూడ్డానికి మెట్లెక్కేవాళ్ళు. వాళ్ళు గుర్తుల మీద నిలబడగానే నేను తెర వైపు చూసేవాణ్ణి కాదు, వాళ్ళని చూసేవాణ్ణి. మొదట నోరు కొంచెం తెరుచుకునేది. తర్వాత, ఎంత పెద్దమనిషి అయినా సరే, చెయ్యి లేచేది. లేచి, ఖాళీ గాలిలో ఒకచోట, అక్కడేదో ఉన్నట్టు మెల్లగా ఆగేది. ఒక రిటైర్డ్ తహసీల్దారు, వాకింగు కర్రని చంకలో పెట్టుకుని, నెమలి మెడని నిమిరాడు. నేను ఆయన వేళ్ళు ఆగిన చోటునే చూస్తూ నిలబడ్డాను. వాళ్ళందరూ వెళ్ళిపోయాక ఆ గుర్తుల మీద నిలబడి, అదే ఎత్తులో అక్కడే చెయ్యి పెట్టి చూసేవాణ్ణి. ఫ్యాను గాలి తగిలేది.

ఉద్యోగం మానేయొచ్చు కదా అని మీరనొచ్చు. ప్రతి కొత్త పొరకీ, ఈసారి వస్తుందేమో అనిపించేది. తెరకి పొర అతికించే రోజు దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపి, నేల తడిగుడ్డతో తుడిచి, తలకి స్నానం టోపీలు పెట్టుకుని ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. వెంట్రుకంత వంకర పోయినా ఆ తెర పనికిరాదు. పొర సరిగ్గా కూర్చున్నప్పుడు వాళ్ళిద్దరూ కంపెనీ గురించి సంతోషపడేవాళ్ళు. నేను మాత్రం నా గురించే ఆశపడేవాణ్ణి.

తెర నిజంగానే బాగుపడుతూ వచ్చింది, నా వల్ల కాకపోయినా. నల్లకుంట షాపు యజమాని ఈసారి మెలకువగానే ఉండి, తెరలోంచి బయటికొచ్చిన బంగారు గాజుని రెండుసార్లు పట్టుకోబోయి నవ్వాడు. నవ్వాక అడిగాడు: "అమ్మా, అసలు గాజు నా దగ్గర ఉండనే ఉన్నది. పట్టుకుంటే దొరుకుతది. దొరికేది లోపల పెట్టి, దొరకనిది చూపెట్టాల్నా?" చేత్తో పట్టుకుని చూపించలేనిది ఏదైతే ఉందో దానికే మా తెర కావాలని మేడం తిరిగి వచ్చే దారిలోనే అన్నారు. అలా మాట్లాడుకుంటూ మనిషి లోపలి దాకా వెళ్ళాం. ఊరికి కాస్త దూరంలో ఒక వైద్య కళాశాల, అక్కడ ఆపరేషన్లు నేర్పే పెద్ద డాక్టరు. కాలేయంలో రక్తనాళాలు ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుని ఉంటాయి. కత్తి పట్టకముందే ఏది ముందో ఏది వెనకో విద్యార్థులకి తెలియాలి. ఆయన ఒప్పుకుంటే మా కంపెనీ నిలబడుతుంది, లేకపోతే గది ఖాళీ చేయాలి. అది ముగ్గురికీ తెలుసు.

ఆ రోజుకి కొత్త పెద్ద తెర తీసుకెళ్ళాం. అది ఎదురుగా కదలకుండా కూర్చున్నవాళ్ళ కోసం చేసింది. తల ఊపితే బొమ్మ మసకబారుతుంది. మేడం విడిగా బయల్దేరారు, ఇంకా రాలేదు. తమ్ముడు వైర్లు కలిపి, "అన్నా, ఎడమ కుడి తిరగబడ్డదేమో ఒక్కసారి చూడు. తిరగబడితే ముందున్నది వెనక్కి పోతది. గట్లుంటే గీ బటన్ నొక్కు. నేను కిందికి పోయి స్టెబిలైజర్ తెస్త," అని వెళ్ళాడు.

చూశాను. ఎర్రటి వేళ్ళ ముద్దలా ఉంది. బటన్ నొక్కాను. అదే ఎర్రటి ముద్ద. మళ్ళీ నొక్కాను. ఇంకోసారి నొక్కానా లేదా అన్నది ఈ రోజుకీ తెలియదు. అంతలో పెద్ద డాక్టరూ, ఆయన వెనక పదిమంది విద్యార్థులూ వచ్చి కూర్చున్నారు.

మొదలుపెట్టాను. ఈ కాలేయం గల మనిషి దీన్ని చూసి ఇది తనదేనని గుర్తుపట్టాడని చెప్పాను. ఇద్దరు నవ్వారు. డాక్టరు ముందుకు వంగారు.

"ఈ లావు నాళం ముందున్నదా, వెనకున్నదా?"

"ముందే సార్. ఇంకొంచెం వంగితే మీ కళ్ళజోడుకు తగుల్తది."

"నాకు వెనక కనపడుతున్నది."

"మొదట్ల అట్లనే అనిపిస్తది సార్. కన్ను అలవాటు పడాలె."

ముప్పై ఏళ్ళుగా ఆ నాళాల మధ్య వేళ్ళు పెట్టి పనిచేసిన మనిషికి చెప్పాను ఆ మాట. చెప్పి, విద్యార్థుల వైపు తిరిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ కనుబొమలు ముడిచి, తలనొప్పి వచ్చినట్టు చూస్తున్నారు. నా గొంతు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంది.

మేడం అప్పుడు వచ్చారు. గుమ్మంలోంచి తెర వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నేరుగా నడిచి వెళ్ళి బటన్ ఒకసారి నొక్కారు. గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. పది చేతులు గాలిలోకి లేచాయి.

డాక్టరు తెర చూడ్డం అయ్యాక నన్ను దగ్గరికి పిలిచారు. తన జేబులోంచి రెండు పెన్నులు తీసి, ఒకటి నాకిచ్చి, ఇంకోటి నా మొహం ముందు అడ్డంగా పట్టుకున్నారు. ఆ మొనకి నా పెన్ను మొన పక్క నుంచి తెచ్చి ఆనించమన్నారు. ఆనించాననుకున్నాను. నా పెన్ను ఇంకా ఎంతో వెనక ఉంది. రెండోసారి ఎంతో ముందుకొచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్ల?" అన్నారాయన మెల్లగా.

"తెలివి వచ్చినప్పటి నుంచి సార్."

ఆయన పెన్నులు జేబులో పెట్టుకున్నారు. ఇలాంటివాళ్ళు మనం అనుకునేదానికంటే ఎక్కువే ఉంటారని, తన విద్యార్థుల్లోనూ ఉంటారని, ఎవరూ పైకి చెప్పరని మేడంతో అన్నారు. వాళ్ళకి కూడా ఏది ముందో తెలిసేలా చేసి తెస్తే అప్పుడు మాట్లాడుకుందామన్నారు.

తిరుగు దారిలో తార్నాక సిగ్నల్ దగ్గర తమ్ముడు కారు అద్దంలోంచి నన్ను చూసి, "నా పెండ్లిల జోడీ మస్తున్నదన్నవ్. అది గూడ చూడకుండనే అన్నవా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, రాలేదు.

గదిలో మేడం నోటుబుక్కులన్నీ తీసి టేబులు మీద పెట్టుకున్నారు. ఒక్కో పేజీలో నా జానెళ్ళనీ బెత్తెళ్ళనీ వెతికి స్కేలు పెట్టి కొట్టేస్తూ పోయారు. నేను నిలబడే ఉన్నాను. ఎండ కిటికీలోంచి గోడ మీదికి పాకేదాకా కొట్టేస్తూనే ఉన్నారు.

"రెండేళ్ళు బాబాయ్ గారు. మీరు వచ్చిందంటే వచ్చిందని రాసుకున్నాను. రాలేదన్నవాళ్ళని మళ్ళీ తీసుకొచ్చి నిలబెట్టాను. ఎందుకు చెప్పలేదు?"

ఇలాంటి ప్రశ్నలకి నా దగ్గర ఎప్పుడూ ఓ నాలుగు జవాబులుంటాయి. అన్నిట్లోకీ బాగున్నదాన్ని ఎంచుకుంటాను. ఆ రోజు ఒక్కటే ఉంది.

"ప్రతిసారి, రేపు వస్తదేమో అనుకున్న మేడం."

ఆమె కలానికి మూత పెట్టి, నోటుబుక్కులు ఒకదాని మీద ఒకటి సర్దారు. తర్వాత, "రేపు ఎన్నింటికి వస్తారు?" అని అడిగారు.

మరునాటి నుంచి నా ఉద్యోగం మారింది. బొమ్మని మనిషి చుట్టూ తిరిగి చూసినట్టు, తెరలో బొమ్మే తనంత తాను మెల్లగా అటూ ఇటూ ఊగాలన్నది మేడం ఆలోచన. ఊగితే ముందున్నది ఎక్కువ కదులుతుంది, వెనకున్నది తక్కువ కదులుతుంది, ఒంటికన్నుకైనా తేడా తెలుస్తుంది. ఎంత ఊగాలి, ఎంత నెమ్మదిగా ఊగాలి అన్నది తేల్చాలి. నేను గుర్తుల మీద నిలబడి, తెలియకపోతే తెలియలేదని చెప్పాలి. అంత కష్టమైన పని నేను ఎన్నడూ చేయలేదు. పొద్దుటి నుంచి ముగ్గురూ తంటాలుపడి ఒక మార్పు చేశాక, ఎదురుచూస్తున్న ఆ రెండు మొహాలకేసి "లేదు" అనడానికి నాలుక మొదట్లో తిరిగేది కాదు. నోటుబుక్కులో నా పేరున వరసగా లేదు, లేదు, లేదు అని నిండింది. మేడం ఒక్కసారి కూడా మళ్ళీ చూడమనలేదు.

ఏది ముందో చెప్పడం వరకూ కొన్నాళ్ళకి నాకు వచ్చింది. పదిసార్లు అడిగితే పదిసార్లూ తప్పకుండా చెప్పాను. వైద్య కళాశాలవాళ్ళు తెర తీసుకున్నారు, తరగతిలో పెట్టారు, ఇంకో కళాశాల నుంచి కూడా పిలుపు వచ్చింది. పెద్ద డాక్టరు ఈసారి నన్ను పెన్నులు ఆనించమనలేదు, నెమలి కథ చెప్పించుకున్నారు. గది ఖాళీ చేయక్కర్లేదు. కానీ ఏది ముందో తెలియడం వేరు, అది ముందు ఉండటం కనపడటం వేరు. లెక్క అప్పజెప్పిన పిల్లవాడిలా నేను ఆ తేడా చెప్పగలను, అంతే. వాకింగువాళ్ళ మొహాల్లో చూసింది ఇంకేదో.

మొన్న సాయంత్రం వాన పడుతోంది. వస్తువుని రెండు వైపుల నుంచీ తీసి తెరకి పంపే కొత్త కెమెరా వచ్చింది. దాన్ని పరీక్షించడానికి ఏదో ఒకటి కావాలంటే, మేడం వాళ్ళమ్మ కోసం తార్నాక సందులో కొన్న గోంగూర కట్ట సంచిలోంచి తీసి కెమెరా ముందు పెట్టారు. కాసేపటికి తెరలో గోంగూర ఊగడం మొదలుపెట్టింది. ఎర్రని కాడలు, చేతివేళ్ళలాంటి ఆకులు, వాటి మీద ఇంకా తడి. నేను అలవాటుగా గుర్తుల మీద నిలబడి, లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను.

ఒక ఆకు ఉంది. దాని వెనక ఇంకో ఆకు ఉంది. ఆ రెండిటి మధ్య ఏదో ఉంది. ఆకు కాదు, కాడ కాదు, రంగు కాదు. వేలు పెడితే పట్టేంత ఖాళీ. రెప్ప వేసేసరికి పోయింది, మళ్ళీ గోంగూర బొమ్మే.

"ఏమైంది బాబాయ్ గారు?" అన్నారు మేడం. తమ్ముడు చేస్తున్న పని ఆపాడు.

వచ్చింది అన్న మాట నాలుక చివరే ఉంది. నలభై ఏళ్ళకు పైగా దానికి అలవాటైన చోటు అది. కానీ నాకు నిజంగా వచ్చిందో, ఇన్నాళ్ళూ వాళ్ళకీ వీళ్ళకీ చెప్పినట్టే ఇప్పుడు నాకు నేనే చెప్పుకుంటున్నానో తేల్చుకోలేకపోయాను. నా కళ్ళని నేను నమ్మను. నా మాటని అసలే నమ్మను.

"తెలుస్తలేదు మేడం," అన్నాను.

ఆమె కలం ఎత్తి, ఏం రాయాలో తెలియక ఆగారు.

"లేదనా, ఉందనా?"

"ఏం రాయకుండ్రి. ఇంకొక్కసారి తిప్పుండ్రి. కొంచెం మెల్లగ."

బయట వాన పెరిగింది. ఇంటికి వెళ్ళే వేళ దాటిపోతోంది, వాళ్ళమ్మ గోంగూర కోసం చూస్తుంటుంది. మేడం కలం కింద పెట్టి, తెరలో గోంగూరని మెల్లగా తిప్పారు.